ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి: వాహన కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

కార్లు, మోటారు సైకిళ్లు, బస్సులు, లారీలు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, ఆ కంపెనీల ఆర్కైవ్‌లు చూసుకునే అధికారులకు,

నమస్కారం.

1956 జులైలో ఆండ్రియా డోరియా అనే ఇటలీ ఓడ అట్లాంటిక్‌లో మరో ఓడతో ఢీకొని మునిగిపోయింది. అందులో ఒక కారు ఉంది. క్రైస్లర్ కంపెనీ డిజైన్ చేసి, ఇటలీలోని ట్యూరిన్‌లో ఘియా అనే కారు బాడీల తయారీ సంస్థ చేత చేతిపనిగా కట్టించుకున్న కాన్సెప్ట్ కారు, అంటే కొత్త ఆలోచనలు చూపడానికి చేసిన నమూనా బండి అది. పేరు నార్స్‌మన్. ముందు అద్దానికి అటూ ఇటూ కప్పును మోసే స్తంభాలు ఉండవు. కప్పు మొత్తం వెనక భాగాన్నే పట్టుకుని ముందుకు చాచినట్టు ఉంటుంది. అలాంటి బండి ఒక్కటే తయారైంది. అమెరికా చేరి ప్రదర్శనల్లో తిరగాల్సింది, జనం కంట ఒక్కసారి కూడా పడకుండానే సముద్రం పాలైంది. ఇవాళ ఆ కారు రూపం మనకు తెలుసంటే, ఓడ ఎక్కించక ముందు ఎవరో దానికి ఫోటోలు తీశారు. ఆ ఫోటోలను తర్వాత ఎవరో పారేయకుండా దాచారు.

ఈ ఉత్తరం ఆ రెండో 'ఎవరో' గురించి.

నేను పాత బండ్లను బాగుచేసేవాళ్లకు ఫోటోలు చదివిపెడుతుంటాను. ఉద్యోగం కాదు, పిచ్చి అనుకోండి. డోరు మీద ఈ గీత ఫ్యాక్టరీలో వేసిందా, తర్వాత ఎవరో వేయించిందా? హెడ్‌లైటు చుట్టూ రింగు నల్లదా, మెరిసేదా? ఇలాంటివాటికి మాన్యువల్‌లో జవాబు దొరకదు. బండి ఎలా ఉండాలో మాన్యువల్ చెబుతుంది. గేటు దాటిన రోజున నిజంగా ఎలా ఉందో చెప్పేది ఫోటో. ఈ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంటుందో మీ ప్రొడక్షన్ విభాగంలో ఏ పాత ఉద్యోగిని అడిగినా నవ్వుతూ చెప్తారు.

ఒకసారి ఒక కంపెనీ ఆర్కైవ్‌కు రాశాను. స్టెప్నీని పట్టి ఉంచే తోలు పట్టీ కొక్కెం ఏ పక్కన ఉంటుందో చూడాలి, ఫలానా ఫోటో కావాలి అని. రెండు నెలలకు వచ్చింది. కంపెనీ పేరు వాటర్‌మార్కు సరిగ్గా స్టెప్నీ మీదుగానే పడింది. అది నవ్వుకుని వదిలేశాను. వదిలేయలేకపోయింది ఇంకొకటి. ఫోటో వెనక ఏమైనా రాసి ఉందా అని అడిగితే, ముందువైపు మాత్రమే స్కాన్ చేశామని, స్థలం చాలక ప్రింట్లన్నీ తీసేశామని జవాబిచ్చారు.

ఫోటో వెనక ఏముంటుందో మీకు తెలియనిది కాదు. పెన్సిల్‌తో రాసిన తేదీ, నెగటివ్ నంబరు, ఛాసిస్ నంబరు, ఫోటోగ్రాఫర్ రబ్బరు ముద్ర, పత్రికకు పంపితే తిరిగొచ్చిన గుర్తు, ఒక్కోసారి స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి పేరు. ముందువైపు బండి బొమ్మ ఉంటే, వెనకవైపు దాని జాతకం ఉంటుంది. జాతకం చించేసి బొమ్మను మాత్రం ఖరీదైన యంత్రంలో పెట్టి భద్రం చేశామంటే ఏమనాలి? నేను అడిగేది నిజానికి ఒక్కటే. బొమ్మను, దాని వెనక రాతను, దాని అసలు నెగటివ్‌ను ఒకదాన్నుంచి ఒకటి విడదీయకండి. ఇక్కడి నుంచి రాసేదంతా ఆ మాటకు వివరణ అనుకోండి.

ఒక నంబరు ప్లేటు ఎంత పని చేస్తుందో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ వీధి మీదుగా వెళ్తున్న కేబుల్ కారు (తాడుతో లాగే ట్రాము) ముందు కెమెరా పెట్టి, మైల్స్ సోదరులు సుమారు పదమూడు నిమిషాల ఫిల్ము తీశారు. గుర్రపు బండ్లు, ట్రాములు, అడ్డదిడ్డంగా దూరిపోయే తొలితరం కార్లు అన్నీ అందులో కనిపిస్తాయి. చాలాకాలం అది 1905లో తీసిందనే అనుకున్నారు. డేవిడ్ కీన్ అనే సినిమా చరిత్రకారుడికి రోడ్డు మీద నిలిచిన నీళ్లు చూసి అనుమానం వచ్చింది. పాత పత్రికలు తిరగేశాడు, వాన రికార్డులు చూశాడు, ఫిల్ములో కనబడిన ఒక కారు నంబరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో వెతికాడు. ఆ నంబరు 1906 తొలి నెలల్లో ఇచ్చింది. అంటే ఆ ఫిల్ము 1906 ఏప్రిల్ 18 భూకంపానికి కొద్ది రోజుల ముందుది. తెర మీద మనం చూస్తున్న వీధి, ఆ భవనాలు, బహుశా ఆ మనుషుల్లో కొందరు కూడా కొద్ది రోజుల్లో ఉండరు. మైల్స్ వాళ్ల స్టూడియో కూడా భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో కాలిపోయింది. ఫిల్మును అప్పటికే రైల్లో న్యూయార్క్ వైపు పంపేశారు కాబట్టి అది బతికింది.

(ఇంకో సంగతి. జాగ్రత్తగా చూస్తే ఒకే కారు చుట్టు తిరిగొచ్చి మళ్లీ మళ్లీ కెమెరా ముందుకు వస్తుంటుంది. ట్రాఫిక్ ఎక్కువగా కనిపించాలని చేసి ఉంటారు. ప్రచార చిత్రాల్లో జనాన్ని ఎక్కువ చేసి చూపే అలవాటు ఇప్పటిది కాదన్నమాట.)

నంబరు ప్లేటు ఒక్కటే ఉంటే ఏమీ తేలేది కాదు. ఆ నంబర్ల పుస్తకాన్ని కూడా ఎవరో దాచబట్టే తేలింది. మీ ఫోటోల విషయంలో ఆ పుస్తకం మీ దగ్గరే ఉంది. నెగటివ్ రిజిస్టరు, స్టూడియో డైరీ, ఫిల్ము డబ్బా మీద అంటించిన చీటీ, ఇవే. బొమ్మలను స్కానింగ్ కాంట్రాక్టరుకు పంపించి రిజిస్టర్లను పాత కాగితాల కింద తూకానికి వేసిన సందర్భాలు విన్నప్పుడు నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

రాత లేకపోతే పెద్ద పెద్ద బొమ్మలకూ తిప్పలు తప్పవు. జాక్ ఆన్రీ లార్తిగ్ అనే ఫ్రెంచ్ కుర్రాడు తీసిన రేసు కారు ఫోటో మీరు చూసే ఉంటారు. చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలి ఉంటుంది, వెనక నిలబడ్డ జనం వెనక్కి వాలి ఉంటారు. కెమెరాలో తెర చీలిక ఒక చివర నుంచి ఇంకో చివరకు జారేలోపే కారు ముందుకు జరిగిపోయింది. కారును వెంబడిస్తూ కెమెరాను తిప్పాడు కాబట్టి, కదలని జనం వెనక్కి వంగారు. వేగానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదంటారు, నేనూ అంటాను. అంతటి ఫోటో దశాబ్దాల పాటు 1912 నాటి గ్రాండ్ ప్రీ రేసుది అని అచ్చయింది. అది 1913 నాటిదని తర్వాత సరిదిద్దారు. కళాభిమానులకు ఒక ఏడాది తేడా పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఆ ఏడాదిలో ఏ కారుకు ఏ ఇంజిన్ ఉందో రాసేవాడికి అది మొత్తం కథ.

ఇప్పుడు రంగుల సంగతికి వస్తాను. ఇది కొంచెం పెద్ద గొడవ.

1920ల వరకు ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు, ప్లేట్లకు ఎరుపు కనపడదు. ఎర్రగా ఉన్నది నల్లగా పడుతుంది. నీలం మాత్రం తేలిగ్గా పడి తెల్లబోతుంది. ఆ రోజుల్లో రేసు కార్లకు దేశాన్ని బట్టి రంగులుండేవి. ఇటలీకి ఎరుపు, ఫ్రాన్స్‌కు నీలం, బ్రిటన్‌కు ఆకుపచ్చ, జర్మనీకి తెలుపు, బెల్జియంకు పసుపు. అంటే అప్పటి ఫోటోలో బొగ్గులా కనిపించే కారు ఎర్రటి ఇటలీ కారు కావచ్చు, వెలిసిపోయినట్టు కనిపించేది నీలం ఫ్రెంచ్ కారు కావచ్చు. ఏ ప్లేటు వాడారో తెలిసినవాడికే ఈ లెక్క అందుతుంది. ఆ వివరం ఉండేది మళ్లీ రిజిస్టరులోనే, నెగటివ్ అంచు మీదే.

ఈ మధ్య మీలో కొందరు పాత ఫిల్ములకు కృత్రిమ మేధతో రంగులు వేయించి, మసక పోగొట్టి, సెకనుకు 60 ఫ్రేములు చేసి వార్షికోత్సవాలకు విడుదల చేస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. నేనూ చూస్తాను. కానీ సాఫ్ట్‌వేర్‌కు ఆ కారు రంగు తెలియదు, నల్లగా ఉన్నదాన్ని నలుపే అనుకుని రంగేస్తుంది. మసకగా ఉన్న నంబరు ప్లేటు మీద అంకెల్లా కనిపించేవి ఏవో గీస్తుంది. లేని ఫ్రేములను ఊహించి మధ్యలో ఇరికిస్తుంది. పైన చెప్పిన శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్ము మనకు అలా 'బాగుచేసిన' రూపంలో మాత్రమే మిగిలి ఉంటే, డేవిడ్ కీన్ ఆ నంబరును నమ్మగలిగేవాడా? పండక్కి వేసే వేషం పండక్కి వేసుకోండి, తప్పులేదు. ఆ ఫైలు పేరులోనే ఇది మార్చినదని రాయండి. మార్చనిది పక్కనే దొరికేలా ఉంచండి.

వేగం విషయంలోనూ ఇంతే. మూకీ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారు, పద్దెనిమిది ఫ్రేములు పడేవి, మనిషిని బట్టి మారేవి కూడా. దాన్ని 24 ఫ్రేములతో ఆడిస్తే కార్లు, మనుషులు గిలకబొమ్మల్లా పరుగెడతారు. అప్పటివాళ్లంతా అలాగే నడిచేవారేమో అనుకుంటూ పెరిగిన తరాలున్నాయి.

మీ గోదాములో ఏ డబ్బా ఎంతకాలం ఆగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్ సమావేశంలో ఈ విషయం వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ ఉంటుందని నాకు అనుమానం. 1950ల ఆరంభం దాకా 35 ఎంఎం సినిమా ఫిల్ము ఎక్కువగా నైట్రేట్ అనే రసాయన పదార్థంతో చేసేవారు. అది అంటుకుంటే తనలోని ఆక్సిజన్‌తోనే మండుతుంది, నీళ్లు పోసినా ఆరదు. 1978 డిసెంబరులో అమెరికా జాతీయ ఆర్కైవ్స్ గోదాములో అంటుకున్న మంటల్లో యూనివర్సల్ న్యూస్‌రీళ్ల (సినిమా హాళ్లలో వేసే వార్తా చిత్రాల) ఫిల్ము కోటి అడుగులకు పైగా బూడిదైపోయింది. దాని తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మండదు, పులుస్తుంది. డబ్బా మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన వస్తే అది మొదలైనట్టే. లోపల పుట్టిన ఆమ్లమే కుళ్లును ఇంకా ఇంకా వేగిరం చేస్తుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. మామూలు గది వేడిలో కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ రోగం పట్టడానికి నలభై యాభై ఏళ్లు పడుతుందని అంచనా. ఫ్రిజ్ అంత చల్లదనంలో, తేమ తక్కువగా ఉంచితే కొన్ని వందల ఏళ్లు ఆగుతుంది. 1950ల నుంచి వచ్చిన చాలా రంగు ఫిల్ముల్లో ముందుగా నీలం వైపు రంగు ఎగిరిపోయి బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ కాలపు కార్ల ప్రకటనలన్నీ ఒకే సాయంత్రం తీసినట్టు కనిపించడానికి కారణం అదే.

వీడియో టేపులది ఇంకో బాధ. మీ 1980లు, 1990ల చరిత్రంతా వాటిలోనే ఉంది. డిజైనర్ల ఇంటర్వ్యూలు, ఫ్యాక్టరీ శిక్షణ పాఠాలు, డీలర్లకు పంపిన కేసెట్లు అన్నీ. టేపు బాగానే ఉన్నా ఆడించే మిషన్ ఉండాలి కదా. వీహెచ్‌ఎస్ ప్లేయర్లు చేసే చివరి కంపెనీ 2016లో ఆపేసింది. 2025లోగా డిజిటల్ చేయని టేపుల్లో ఎక్కువ భాగం పోయినట్టే లెక్క అని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్ము, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. మీ అలమారలో టేపులు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టించారా?

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదగ్గర మీతో నాకు అసలు పేచీ. గెలిచిన రేసు, అమ్ముడైన మోడల్, ఛైర్మన్ రిబ్బన్ కత్తిరింపు భద్రంగా ఉంటాయి. పనికిరానివని తీసేసేవాటిలోనే నాకు పనికొచ్చేవి ఉంటాయి. డిజైన్ స్టూడియోలో మట్టి నమూనా కాదన్నాక దాన్ని గీకేసి, అదే మట్టితో ఇంకొకటి చేస్తారు. మీరు వద్దనుకున్న కారు ఇక ఫోటోలోనే ఉంటుంది. 1959 సెప్టెంబరు 10న మెర్సిడెస్-బెంజ్ తన జిందెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీ దగ్గర తొలి క్రాష్ టెస్ట్ చేసింది. తర్వాతి రోజుల్లో బండిని పరుగెత్తించడానికి వేడినీటి ఆవిరి రాకెట్ కూడా తగిలించారు. గుద్దుకోవడం సెకనులో పదో వంతులో ముగిసిపోతుంది, కంటికి ఏమీ అందదు. ఇంజినీర్లు నేర్చుకున్నదంతా నెమ్మదిగా ఆడించిన ఫిల్ము నుంచే. ఆ పరీక్షల్లో నలిగిపోయిన బండి తుక్కుకు వెళ్లింది. మనిషి బతకడానికి ఏది పనిచేసిందో ఫిల్ములో మిగిలింది.

ఏ ఫిల్ము ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో ముందుగా చెప్పడం కష్టం. మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ 1937లో షెవర్లే కోసం ఒక చిన్న ప్రచార చిత్రం తీశారు. పుల్లలతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పళ్ల చక్రాల దాకా తీసుకెళ్తారు అందులో. ఇప్పటికీ ఇంజినీరింగ్ విద్యార్థులు దాన్ని ఒకరికొకరు పంపుకుంటారు. అలాంటి ప్రచార, పారిశ్రామిక చిత్రాలను ఎవరూ పట్టించుకోని రోజుల్లో, 1982 నుంచి రిక్ ప్రెలింజర్ అనే ఆయన పోగుచేస్తూ వచ్చాడు. 2002లో ఆ ఫిల్ములను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది. కంపెనీలు చేయాల్సిన పని ఒక వ్యక్తి చేశాడు.

కంపెనీలే చేసిన మంచి ఉదాహరణ కూడా ఉంది. ఫోర్డ్ 1914లోనే సొంత సినిమా విభాగం పెట్టుకుంది. అసెంబ్లీ లైన్లే కాదు, రోడ్లు, పొలాలు, ఊళ్లు కూడా తీసింది. 1963లో ఆ పాత ఫిల్ములను జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చేసింది. అప్పటి నుంచి పరిశోధకులు, సినిమావాళ్లు, పిల్లల పుస్తకాలు రాసేవాళ్లు వాటిని వాడుకుంటూనే ఉన్నారు. ఫోర్డ్ పేరుకు దానివల్ల నష్టం జరిగినట్టు నేనెక్కడా చదవలేదు.

అదే ఫోర్డ్ చరిత్రలో ఇంకో ఫోటో ఉంది, కంపెనీ తీయనిది. 1937 మే 26న రూజ్ ఫ్యాక్టరీ దగ్గర వంతెన మీద, యూనియన్ కరపత్రాలు పంచడానికి వచ్చిన కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్‌ను, అతని తోటివాళ్లను కంపెనీ మనుషులు కొట్టారు. తర్వాత ఫోటోగ్రాఫర్ల మీద పడ్డారు. డెట్రాయిట్ న్యూస్ ఫోటోగ్రాఫర్ జేమ్స్ కిల్‌పాట్రిక్ అసలు ప్లేట్లను కారు వెనక సీటు దగ్గర దాచి, అడిగినవాళ్లకు ఖాళీ ప్లేట్లు ఇచ్చి పంపాడు. ఆ ఫోటోలు అచ్చయ్యాక, తప్పు తమది కాదని కంపెనీ చెప్పిన కథ నిలవలేదు. మీ ఆర్కైవ్‌లో ఇలాంటివి ఉంటే వాటినీ దాచమని అడుగుతున్నాను. సమ్మె ఫోటోలు, ప్రమాదాల ఫోటోలు, వెనక్కి పిలిచిన మోడల్ లోపాన్ని చూపే ఫిల్ములు. మీ లాయర్లు ఒప్పుకోకపోతే ముప్పై ఏళ్లో యాభై ఏళ్లో సీలు వేసి పెట్టండి, కాల్చకండి. ఇంకొక మాట, ఫ్యాక్టరీ ఫోటోల్లో బండి పేరు, మోడల్, ఏడాది ఉంటాయి. పక్కన స్పానర్ పట్టుకుని నిలబడ్డ మనిషికి మాత్రం పేరుండదు. రిటైరైన మీ ఉద్యోగులను పిలిచి, టీ ఇచ్చి, ఆ ఫోటోలు ముందు పెట్టండి. ఒక్క మధ్యాహ్నంలో ఎన్ని పేర్లు బయటపడతాయో చూడండి. ఈ పని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు, రేపటికి వాయిదా వేసేదీ కాదు.

మేమెప్పటికీ ఉంటాం, తొందరేముంది అంటారా? స్వీడన్‌లోని సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసింది. కొద్ది వారాల్లో దాని మ్యూజియంలోని కార్లు అమ్మకానికి వచ్చాయి. ట్రోల్‌హెట్టన్ పట్టణం, విమానాలు చేసే సాబ్ కంపెనీ, వాలెన్‌బెర్గ్ ఫౌండేషన్ కలిసి కొన్నాయి కాబట్టి అవి చెల్లాచెదురు కాలేదు. కార్లకు వేలంలో ధర పలుకుతుంది, నెగటివ్ రిజిస్టరుకు పలకదు. అందుకే ఆర్కైవ్‌ను ఆస్తుల జాబితాలో కాకుండా ఒక ట్రస్టు కిందో, ప్రజా గ్రంథాలయం కిందో పెట్టమంటున్నాను. బ్రిటన్‌లో ఆస్టిన్, మోరిస్, రోవర్ లాంటి పేర్లు చేతులు మారి, కొన్ని కనుమరుగైనా, వాటి ఫోటోలు, ఫిల్ములు గేడన్‌లోని ట్రస్టు దగ్గర ఇంకా ఉన్నాయంటే కారణం ఆ ఏర్పాటే.

ఇక చూడనివ్వడం గురించి. ప్రకటనలకు, సినిమాలకు వాడుకునేవాళ్ల దగ్గర మీరు డబ్బు తీసుకోండి, న్యాయమే. చదువుకోవడానికి, బాగుచేసుకోవడానికి అడిగేవాళ్లకు వాటర్‌మార్కు లేని బొమ్మ ఇవ్వండి. బదులుగా వాళ్లు మీకు వివరాలు ఇస్తారు. ఈ సైడ్ మిర్రర్ ఆ ఏడాదిది కాదండీ, మీ క్యాప్షన్ తప్పు అని రాసే మాలాంటి చాదస్తులను శత్రువులుగా చూడకండి. జీతం లేకుండా మీకు పనిచేస్తున్నది మేమే. కాకపోతే పాత క్యాప్షన్ చెరిపేయకుండా, కొత్తది దాని కిందే తేదీ వేసి రాయండి. ఒకవేళ మాదే తప్పయితే వెనక్కి వెళ్లే దారి ఉండాలి.

స్కాన్ అయ్యాక అసలుదెందుకు అనే ప్రశ్నకు నా అనుభవమే జవాబు. ఇరవై ఏళ్ల కింద ఒక ఆర్కైవ్ చేసిన స్కాన్‌లో నాకు కావలసిన బ్రేకు గొట్టం నాలుగు చుక్కల గీతగా కనిపించింది. అదృష్టం బాగుండి వాళ్ల దగ్గర గాజు నెగటివ్ ఇంకా ఉంది. మళ్లీ స్కాన్ చేస్తే గొట్టం మీద క్లిప్పు, క్లిప్పు మీద స్క్రూ కూడా తేలాయి. వందేళ్ల కిందటి గాజు పలకలో ఉన్నది, ఇరవై ఏళ్ల కిందటి ఫైలులో లేదు. ఇప్పటి మీ డిజైన్ ఫైళ్లు, క్రాష్ టెస్ట్ వీడియోలు ఇంకో ఇరవై ఏళ్లకు ఏ కంప్యూటర్‌లో తెరుచుకుంటాయో మీ ఐటీ విభాగాన్ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇదంతా ఒక్కసారిగా చేయమనడం లేదు. ఈ వారం మీ గోదాముకు ఒకరిని పంపి, అన్నిటికంటే పాత ఫిల్ము అలమారలో ఒక డబ్బా మూత తీయించండి. వెనిగర్ వాసన వచ్చిందా లేదా, మూత మీద చీటీ ఉందా ఊడిపోయిందా, చీటీ మీద ఏముంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాయించి, తేదీ వేయించి, ఆ కాగితాన్ని డబ్బాతోనే ఉంచండి.

ఇట్లు,
మీ పాత ఫోటోల వెనకవైపు చదవాలనుకునే ఒకరు